హోటల్‌కి మూడింతలు ఇవ్వాలా? మెలకువగా ఉండే గంటల లెక్క

ప్రయాణం మాటొచ్చినప్పుడల్లా రెండు మాటలు వినపడుతుంటాయి. ఒకటి, "పడుకోడానికే కదా, ఎక్కడైతేనేం." రెండోది, "ఎప్పుడో ఒకసారి వెళ్తాం, ఆ మాత్రం ఖర్చు పెట్టుకోకపోతే ఎలా." మొదటి మాట అనేవాళ్ళకి ఖరీదైన హోటల్ దండగ. రెండో మాట అనేవాళ్ళకి మధ్యరకం హోటల్ పిసినారితనం. ఇద్దరూ చూస్తున్నది మాత్రం గదినే. పరుపు మెత్తదనం, బాత్రూమ్ పాలరాయి, కిటికీలోంచి కనపడే సముద్రం. అక్కడే లెక్క తప్పుతోందని నా అభిప్రాయం.

శుభ్రంగా నడిచే ఒక మధ్యరకం హోటల్‌కీ, దానికి మూడింతలు రేటున్న హోటల్‌కీ గది వరకు తేడా మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. పైన ఇచ్చే రెండింతల్లో పెద్ద భాగం మనుషుల సమయానికీ, ఆ స్థలం విలువకీ పోతుంది. స్థలం సంగతి సులువే, సముద్రం ఎదురుగా కావాలో వద్దో ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది. మనుషుల సమయం అలా కాదు. దాన్ని మనం వాడుకునే పరిస్థితి ఈ ప్రయాణంలో ఉందా, లేదా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే ఖర్చు విషయం చాలావరకు తేలిపోతుంది. (గడియ పడని తలుపు, మరకల దుప్పట్లు ఉన్న చోటుతో పోలిక కాదిది. అలాంటి చోట ఏ లెక్కా అక్కర్లేదు, బయటికి వచ్చేయడమే.)

పరుపు తేడా ఎప్పుడో తగ్గింది

ఒకప్పుడు ఈ తేడా నిజంగానే పెద్దది. 1829లో బోస్టన్‌లో ట్రెమాంట్ హౌస్ అనే హోటల్ తెరిచినప్పుడు, తాళం వేసుకునే సొంత గదీ, గదిలో సబ్బూ కూడా విశేషాలే. 1908లో ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అనే హోటల్ వ్యాపారి అమెరికాలోని బఫెలోలో కట్టిన హోటల్లో గదిగదికీ బాత్రూమ్ ఇచ్చి, రేటు మాత్రం మామూలు వ్యాపారస్తులకి అందేలా ఉంచాడు. పక్కపక్క గదుల బాత్రూమ్‌లని వీపులు ఆనించినట్టు కట్టించి, రెంటికీ కలిపి ఒకే నిలువు షాఫ్ట్‌లో పైపులన్నీ దింపడం వల్ల అది కుదిరింది. ఇవాళ్టికీ చాలా హోటళ్ళలో పక్కపక్క గదులు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండేది అందుకే. పక్కగదివాళ్ళు అర్ధరాత్రి ఫ్లష్ చేస్తే మనకి మెలకువ వచ్చేదీ అందుకే. ఆ షాఫ్ట్ చుట్టూ గోడ సరిగ్గా మూయకపోతే, లోపల ఎంత పాలరాయి పరిచినా చప్పుడు ఆగదు.

పడకల విషయానికొస్తే, 1999లో వెస్టిన్ అనే హోటల్ చెయిన్ 'హెవెన్లీ బెడ్' పేరుతో మందపాటి పరుపు, తెల్లటి బొంత, దొంతరగా దిండ్లు పెట్టి, ఆ మంచాన్నే ప్రకటనల్లో ముందు నిలబెట్టింది. మిగతా చెయిన్లు ఊరుకోలేదు. ఆ పోటీ ఏళ్ళ తరబడి సాగి మధ్యరకం హోటళ్ళ దాకా దిగింది. ఇప్పుడు ఈమధ్యే తెరిచిన మధ్యరకం హోటల్లో పరుపు, పదేళ్ళుగా మార్చని ఖరీదైన హోటల్ పరుపుకన్నా బాగుండటం మామూలు విషయం. షీట్ల మీద 600, 1000 అని గొప్పగా రాసే దారాల సంఖ్యని కూడా పట్టించుకోనక్కర్లేదు. చదరపు అంగుళంలో పట్టే దారాలకి ఒక హద్దుంది. సన్నటి పోగులు రెండో మూడో కలిపి పేనిన దారాన్ని, ఒక్కో పోగూ విడిగా లెక్కపెట్టి ఆ పెద్ద సంఖ్యలు తెస్తారు. రోజూ వేడినీళ్ళలో ఉతికి, ఇస్త్రీ రోలర్ల మధ్య నలిగే హోటల్ షీట్‌కి 200 నుంచి 300 దాకా ఉన్న మంచి నూలు నేత చాలు. షీట్ హాయిగా ఉందా లేదా అన్నది అంతకన్నా ఎక్కువగా, హోటల్ దగ్గర ఎన్ని జతలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మంచం మీద ఒకటి, లాండ్రీలో ఒకటి, అలమరలో ఒకటి, కనీసం మూడు ఉండాలి. అంతకు తగ్గితే పూర్తిగా ఆరని షీట్ మంచం మీదకొస్తుంది. ఆ చెమ్మ వాసన దిండు దగ్గరే తెలిసిపోతుంది.

ఇక నిద్ర. కొత్త చోట మొదటి రాత్రి సరిగ్గా నిద్రపట్టకపోవడం చాలామందికి ఉన్నదే. 2016లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని ల్యాబ్‌లో కొలిచారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ సగంలో కొంత భాగం పూర్తిగా విశ్రమించకుండా, వింత చప్పుళ్ళకి కాపలా కాస్తున్నట్టు ఉంది. అదే చోట మరోసారి పడుకున్నప్పుడు ఆ తేడా కనపడలేదు. అంటే ఒక్క రాత్రి బసకి "హాయిగా నిద్రపోదాం" అని మూడింతలు ఇవ్వడం బలహీనమైన కారణం. ఎంత మంచి పరుపు వేసినా మొదటి రాత్రి కాపలా మొదటి రాత్రిదే. నిద్రకి సాయపడేవి చీకటి, చల్లదనం, నిశ్శబ్దం. ఈ మూడూ హోటల్ రేటుకన్నా, ఆ హోటల్లో మనకి ఏ గది వచ్చిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడతాయి. దాని గురించి కాసేపట్లో.

ఆ పై రెండింతలు ఎటు పోతాయి

మధ్యరకం హోటల్లో హౌస్‌కీపింగ్ మనిషి ఎనిమిది గంటల షిఫ్ట్‌లో ఇంచుమించు 14 నుంచి 16 గదులు చేయాలి. భోజనం, ట్రాలీ సర్దుకోవడం, సర్వీస్ లిఫ్ట్ కోసం ఆగడం తీసేస్తే గదికి మిగిలేది పాతిక నిమిషాలు. ఖరీదైన హోటల్లో అదే మనిషికి 8 నుంచి 10 గదులే ఇస్తారు. గదికి 40, 45 నిమిషాలు దొరుకుతాయి. పైగా సాయంత్రం కర్టెన్లు వేసి పడక సిద్ధం చేయడానికి మరో షిఫ్ట్ మనుషులొస్తారు.

పాతిక నిమిషాల్లో ఏం జరుగుతుందో చూడండి. పాత షీట్లు లాగేసి కొత్తవి వేసి, మూలలు మడిచి, దిండ్ల గలీబులు మార్చడానికి ఏడెనిమిది నిమిషాలు. బాత్రూమ్‌కి పది. తువ్వాళ్ళు, సబ్బులు, నీళ్ళ సీసాలు, చెత్తబుట్ట, వాక్యూమ్‌తో టైమ్ అయిపోతుంది. ఇంకా మిగిలినవి ఏవంటే, కెటిల్ అడుగున తెల్లటి సున్నపు పొర, షవర్ జాలీ కింద వెంట్రుకలు, టీవీ రిమోట్ బటన్ల మధ్య జిడ్డు, కిటికీ పట్టాలో దుమ్ము, మంచం తలదిక్కు పలక పైఅంచు. ఆవిడకి అవి కనపడవని కాదు, కనపడినా చేసే టైమ్ లేదు. నలభై ఐదు నిమిషాలు దొరికిన గదిలో ఇవన్నీ అవుతాయి, తర్వాత సూపర్‌వైజర్ వచ్చి చూసుకున్నాకే ఆ గదిని రిసెప్షన్‌కి అప్పగిస్తారు. అందుకే మూడింతలిచ్చి దిగిన గదిలో ముందు కెటిల్ మూత తీసి చూడమంటాను. అడుగున పొర కనపడితే, ఆ హోటల్ మీ దగ్గర నలభై ఐదు నిమిషాలకి డబ్బు తీసుకుని పాతిక నిమిషాలే ఇస్తోందని అర్థం. చాలా పెద్ద పేర్లున్న చోట కూడా ఇది జరుగుతుంది, ముఖ్యంగా సీజన్‌లో, గదులన్నీ నిండి మనుషులు చాలనప్పుడు.

రాత్రి పూట తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పదకొండింటికి ఏసీలోంచి నీళ్ళు కారడం మొదలైందనుకుందాం. డ్రెయిన్ పైపులో నాచు పేరుకుని ట్రే పొంగితే అలా అవుతుంది, ఏ హోటల్‌కైనా తప్పదు. మధ్యరకం హోటల్లో రాత్రికి రిసెప్షన్‌లో ఒక్కరే ఉంటారు. మెకానిక్ పొద్దున్నే వస్తాడు. ఖాళీ గది ఉంటే మారుస్తారు, లేకపోతే ఒక బకెట్, రెండు తువ్వాళ్ళు, క్షమాపణ. ఖరీదైన హోటల్లో డ్యూటీ మేనేజర్ ఉంటాడు, షిఫ్ట్‌లో మెకానిక్ ఉంటాడు, ఇలాంటి అవసరానికని పక్కన పెట్టిన ఒకటి రెండు గదులు ఉండే అవకాశమూ ఎక్కువ. రిట్జ్-కార్ల్‌టన్ అనే ఖరీదైన హోటల్ చెయిన్‌లో ఒక అతిథి ఇబ్బంది తీర్చడానికి ఏ ఉద్యోగైనా పైవాళ్ళని అడక్కుండా 2000 డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చన్న నియమం హోటల్ రంగంలో అందరికీ తెలిసిందే. అంత డబ్బు రోజూ ఎవరూ ఖర్చు పెట్టరు. కానీ ఎదురుగా ఉన్న మనిషికి "మా సార్‌ని అడిగి చెప్తానండీ" అనాల్సిన పని లేకపోవడంలో పెద్ద విలువ ఉంది. ఖరీదైన హోటల్‌కి మనం కట్టేది చాలావరకు ఇలాంటి బీమా ప్రీమియం. ఏదీ చెడిపోకపోతే, మనకేమీ అవసరం పడకపోతే, ఆ ప్రీమియం తిరిగి రాదు.

కోటు కాలర్ మీద రెండు బంగారు తాళంచెవులు అడ్డంగా పెట్టిన గుర్తుండే కన్సియెర్జ్‌లదీ, అంటే అతిథులకి కావాల్సిన పనులు చేసిపెట్టే హోటల్ ఉద్యోగులదీ, ఇదే కథ. 'లే క్లె దోర్' అనే సంఘం సభ్యులు వాళ్ళు. రెస్టారెంట్‌లో టేబుల్, ట్యాక్సీ లాంటివి ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతాయి కాబట్టి వాళ్ళ అవసరం తగ్గిందని కొందరంటారు, నిజమే. కానీ పాస్‌పోర్టు పోయినప్పుడు, రాత్రి రెండింటికి ఒక మందు కావాల్సి వచ్చినప్పుడు, ఆ ఊళ్ళో పాతికేళ్ళుగా పరిచయాలున్న మనిషి చేసే పని ఫోన్ చేయలేదు.

మెలకువ గంటలు

ఇప్పుడు లెక్క. మామూలుగా చెక్-ఇన్ మధ్యాహ్నం 3కి, చెక్-అవుట్ 11కో 12కో. అంటే ఒక రాత్రి అద్దెకి మనకి అమ్మేది 20, 21 గంటలు. అందులో మనం మెలకువగా, హోటల్ లోపల, తీరిగ్గా ఉండేది ఎన్ని గంటలు? అదనంగా ఇచ్చే డబ్బుని ఆ గంటలతో భాగించాలి.

మధ్యరకం హోటల్ రాత్రికి 100 అనుకుందాం, ఖరీదైనది 300. అదనం 200. మొదటి ప్రయాణంలో రాత్రి తొమ్మిదిన్నరకి చేరి పొద్దున ఏడింటికి బయల్దేరుతున్నారు. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. ఏడు గంటల నిద్ర, ఒక గంట స్నానం, సామాను సర్దడం. మిగిలింది గంటన్నర. 200ని గంటన్నరతో భాగిస్తే గంటకి 133. అంటే ఆ గంటన్నరలో ఒక్కో గంటకి, మధ్యరకం హోటల్లో రాత్రంతా ఉండటానికయ్యేదానికన్నా ఎక్కువ ఇస్తున్నాం. రెండో ప్రయాణంలో మధ్యాహ్నం 3కి చేరి, రెండు రాత్రులుండి, మూడో రోజు 12కి ఖాళీ చేస్తున్నారు. 45 గంటలు. నిద్ర 16, బయట తిరుగుడు 6 పోతే 23 గంటలు కొలనుకీ, తోటకీ, బాల్కనీకీ, తీరిగ్గా తినే ఉదయపు ఫలహారానికీ మిగిలాయి. అదనం 400. గంటకి 17 చిల్లర. అదే హోటల్, అదే గది, ఒకరికి పడే ఖర్చు మరొకరికన్నా ఏడు రెట్లు పైన.

ఈ లెక్కలో రెండు సవరణలు చేయాలి. ఖరీదైన హోటల్ రేటులో ఉదయపు ఫలహారం, స్టేషన్ నుంచో విమానాశ్రయం నుంచో కారు కలిసి ఉంటే వాటి విలువ తీసేయండి, కానీ అవి లేకపోయినా మీరు డబ్బు పెట్టి కొనేవే అయితేనే. పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టని మనిషికి బఫే ఉచితంగా ఇచ్చినా విలువ సున్నా. రెండోవైపు చేర్చాల్సినవీ ఉన్నాయి. లాండ్రీ, పార్కింగ్, నీళ్ళ సీసా, ఒక్కో చోట గది రేటు మీద తప్పనిసరిగా వడ్డించే 'రిసార్ట్ ఫీజు'. ఖరీదైన చోట ప్రతి చిన్న వస్తువు రేటూ గది రేటుతో పాటే పెరుగుతుంది. కొన్ని మినీబార్లలో (గదిలో పెట్టే పానీయాల ఫ్రిజ్) సెన్సర్లుంటాయి, సీసా చేత్తో ఎత్తి చూసి కాసేపటికి పెట్టినా బిల్లులో చేరుతుంది. చెక్-ఇన్‌లో కార్డు మీద ఆపి ఉంచే డిపాజిట్ కూడా అక్కడ పెద్దది. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు తిరిగి ఖాతాలోకి రావడానికి రోజులు పట్టొచ్చు, ప్రయాణం మధ్యలో అది ఇబ్బందే. అమెరికాలో 2025 మే నుంచి హోటళ్ళు రిసార్ట్ ఫీజు లాంటి తప్పనిసరి ఫీజుల్ని కలిపి మొత్తం ధరే ముందు చూపించాలన్న నియమం అమల్లోకి వచ్చింది. మిగతా చోట్ల చివరి పేజీ దాకా వెళ్ళి మొత్తం చూసుకున్నాకే పోల్చాలి.

నక్షత్రాల్ని ఎంతవరకు నమ్మాలి

నక్షత్రాలకి ప్రపంచమంతటికీ ఒకే కొలత లేదు. ఫ్రాన్స్‌లో ఐదు నక్షత్రాల తరగతి వచ్చిందే 2009లో, ఆ పైన 'పాలెస్' అన్న గుర్తింపు 2010లో. దుబాయ్‌లో 1999లో తెరిచిన బుర్జ్ అల్ అరబ్‌ని ఏడు నక్షత్రాల హోటల్ అంటుంటారు, అధికారికంగా అది ఐదు నక్షత్రాలదే. ప్రభుత్వాలిచ్చే నక్షత్రాలు ఎక్కువగా ఉన్నాయా లేవా అన్న లెక్క చూస్తాయి. లిఫ్ట్, గది వైశాల్యం, రిసెప్షన్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది వగైరా. ఏసీ ఎంత మోత చేస్తుందో అందులో ఉండదు.

నక్షత్రాలకన్నా పనికొచ్చే ప్రశ్న, గదుల్ని ఆఖరుసారి ఏ ఏడాది బాగుచేశారన్నది. కార్పెట్లు, కర్టెన్లు, కుర్చీల గుడ్డలు మామూలుగా ఆరేడేళ్ళకోసారి, చెక్క సామాను పది పన్నెండేళ్ళకోసారి మార్చాలి. దానికోసం ఆదాయంలో ఇంచుమించు 4 శాతం పక్కన పెట్టడం ఈ వ్యాపారంలో ఉన్న పద్ధతి. అయితే బోర్డు మీద పేరు ఒకరిది, భవనం ఇంకొకరిది అయిన హోటళ్ళే ఎక్కువ. భవనం యజమాని చేతిలో డబ్బాడకపోతే ఆ మార్పులు వాయిదా పడతాయి, రేటు మాత్రం బోర్డు మీది పేరుకి తగ్గట్టే ఉంటుంది. అతిథులు పెట్టిన తాజా ఫోటోల్లో కార్పెట్ అతుకులు, బాత్రూమ్ అతుకుల్లో పూసిన సిలికాన్ నల్లబడిందా లేదా చూస్తే ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది.

ఖరీదైన చోట చౌక గది

చాలామంది చేసే పొరపాటు ఇది. ఎలాగోలా పెద్ద హోటల్లో దిగాలని, అక్కడున్న గదుల్లో అన్నిటికన్నా తక్కువ రేటుది తీసుకుంటారు. ఆ గది లిఫ్ట్ పక్కనో, సరుకు లారీలు వచ్చే వెనకవైపో, వంటింటి పొగగొట్టం ఎదురుగానో ఉండే అవకాశం ఎక్కువ. అదే డబ్బుకి, ఇంకా తక్కువకి, మధ్యరకం హోటల్లో పై అంతస్తులో మూలగది దొరుకుతుంది. ఎక్కువ సమయం గదిలో గడిపేవాళ్ళకి ఈ రెండోదే మేలు. లాబీ, కొలను, సిబ్బంది కావాలనుకునేవాళ్ళకి మొదటిది సరే.

గది ఎక్కడుందో తెలుసుకోవడానికి తలుపు వెనక అంటించిన అగ్నిప్రమాదం మ్యాప్ చూడండి. చాలామంది దాన్ని కన్నెత్తి చూడరు. ఆ అంతస్తులో మీ గదికి అటూ ఇటూ ఏముందో అందులో గీసి ఉంటుంది. లిఫ్ట్ గోడ మీ మంచం తలదిక్కు గోడేనా, పక్కనున్న పేరులేని చిన్న గది హౌస్‌కీపింగ్ స్టోరా, మెట్ల తలుపు ఎంత దూరం. స్టోర్ పక్కన గదైతే పొద్దున ఆరింటి నుంచే ట్రాలీల చప్పుడు మొదలు. పక్కగదిలోకి తెరుచుకునే మధ్యతలుపు ఉంటే ఇంకా కష్టం. గోడని ఎంత బాగా కట్టినా, ఆ తలుపు చుట్టూ ఉన్న సందుల్లోంచి పక్కగది టీవీ మాటలు స్పష్టంగా వస్తాయి. అందుకే బుక్ చేసేటప్పుడే "మధ్యతలుపు లేని గది, లిఫ్ట్‌కి దూరంగా" అని అడగాలి. దీనికి మామూలుగా హోటళ్ళు అదనంగా తీసుకోవు.

గదిలోకి అడుగుపెట్టాక, పెట్టె విప్పకముందు ఐదు నిమిషాలు చాలు. పెట్టె బాత్రూమ్ టైల్స్ మీద పెట్టి, మంచం తలదిక్కు మూలల్లో షీట్ ఎత్తి పరుపు కుట్టు వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూడాలి. అవి నల్లుల గుర్తులు. నల్లులు సామాన్లతో వస్తాయి, మురికితో కాదు, కాబట్టి ఖరీదైన హోటల్ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. తర్వాత ఏసీని తక్కువ టెంపరేచర్‌కి తిప్పి, లైట్లన్నీ ఆపి, కర్టెన్లు మూసి ఒక నిమిషం ఊరికే నిలబడాలి. గదిలోనే కంప్రెసర్ ఉండే రకం ఏసీ అయితే ఆగి మొదలైనప్పుడల్లా మోత, సెంట్రల్ ఏసీ అయితే ఫ్యాన్ గాలి హోరు మాత్రమే. కర్టెన్ల మధ్య, పక్కల వెలుగు చొరబడుతుంటే అలమరలో క్లిప్పులున్న హ్యాంగర్‌తో రెండంచులూ కలిపి బిగించొచ్చు. షవర్ తిప్పి వేడినీళ్ళు ఎంతసేపట్లో వస్తున్నాయో చూడాలి. వేడినీళ్ళు పైపుల్లో ఎప్పుడూ తిరుగుతుండేలా ఏర్పాటున్న భవనంలో అర నిమిషం కూడా పట్టదు. మూడు నిమిషాలైనా చల్లగానే వస్తుంటే, పొద్దున అందరూ స్నానాలు చేసే టైమ్‌కి ఇంకా అధ్వాన్నం. ఏది బాగోకపోయినా అప్పుడే కిందికెళ్ళి గది మార్చమని అడగాలి. సామాను సర్దేశాక అడగడానికి మనకే మనసొప్పదు.

రేటు తగ్గే రోజులు

మూడింతలన్నది ఎప్పుడూ మూడింతలే ఉండదు. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో నిండే నగర హోటళ్ళు శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అవుతాయి. శని, ఆదివారాల్లో అక్కడ రేటు బాగా పడుతుంది. విహారస్థలాల్లో సరిగ్గా తలకిందులు, ఆదివారం రాత్రి నుంచి గురువారం దాకా చవక. 300 ఉన్నది 170 అయినప్పుడు లెక్క మొత్తం మారిపోతుంది. అలాంటప్పుడు మధ్యరకం హోటల్‌నే పట్టుకు వేలాడనక్కర్లేదు.

బుకింగ్ వెబ్‌సైట్లు హోటల్ దగ్గర సాధారణంగా 15 నుంచి 20 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కమిషన్ తీసుకుంటాయి. అందుకే అక్కడ చూసిన రేటు చెప్పి హోటల్‌కే ఫోన్ చేస్తే, రేటు తగ్గించకపోయినా ఫలహారమో, ఆలస్యంగా ఖాళీ చేసే వీలో ఇవ్వడానికి వాళ్ళకి వెసులుబాటు ఉంటుంది. ఇంకో సంగతి. రానివాళ్ళు కొందరుంటారని హోటళ్ళు ఉన్న గదులకన్నా నాలుగైదు ఎక్కువే అమ్ముతాయి. అందరూ వచ్చేస్తే, ఎవరినో ఒకరిని వేరే హోటల్‌కి పంపాలి. చవక రేటుకి, ఒక్క రాత్రికి, వెబ్‌సైట్ ద్వారా బుక్ చేసి అందరికన్నా ఆలస్యంగా వచ్చే మనిషే సాధారణంగా ఆ బలి. రాత్రి పదకొండుకి చేరేవాళ్ళు ఆ సాయంత్రమే ఫోన్ చేసి "వస్తున్నాం, ఇన్నింటికి" అని చెప్పి, పేరు పక్కన రాయించుకోవడం మంచిది.

లెక్కకి అందనివి

ఇక్కడిదాకా చదివినవాళ్ళకి ఒక అభ్యంతరం వచ్చే ఉంటుంది. పెళ్ళిరోజుకి ఒక్క రాత్రి గొప్ప హోటల్లో గడపాలనుకునే జంటకి గంటల లెక్క చెప్తే ఏం బాగుంటుంది? ఆ సంతోషం బుక్ చేసిన రోజే మొదలవుతుంది, ఏళ్ళ తర్వాతా తలుచుకుంటారు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మెలకువ గంటల కొలత జ్ఞాపకాన్ని కొలవలేదు.

అయితే జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో కొంత తెలుసు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానమన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఒకసారి చేతిని బాగా చల్లటి నీళ్ళలో 60 సెకన్లు పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత, నీళ్ళ చల్లదనం కాస్త తగ్గిస్తూ మరో 30 సెకన్లు ఉంచారు. మళ్ళీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు, మొత్తం బాధ అందులోనే ఎక్కువైనా సరే. ఎంతసేపన్నదానికన్నా చివర ఎలా ముగిసిందన్నదే గుర్తుండిపోతుంది. దీన్ని ప్రయాణానికి అన్వయిస్తే, ఏడు రాత్రుల్లో రెండు మాత్రమే ఖరీదైన చోట ఉండగలిగితే అవి చివరి రెండు కావాలి. చాలామంది తిరగేసి చేస్తారు. అలసిపోయి దిగిన మొదటి రాత్రికి గొప్ప హోటల్, తర్వాత డబ్బు చూసుకుంటూ దిగువకి. దానివల్ల గొప్ప హోటల్‌కి కొత్త చోటి నిద్రలేమీ, మిగతా ప్రయాణానికి పోలికా మిగులుతాయి. ఒక్క రాత్రి కన్నా రెండు రాత్రులు అనడానికీ అదే కారణం, రెండో రాత్రే అసలు నిద్ర.

పెళ్ళిరోజో పుట్టినరోజో అయితే బుకింగ్‌లోనే ఆ మాట రాయండి, మొహమాటపడకండి. మీరు డబ్బు కట్టిన మనుషుల సమయం ఇలాంటి చోటే మీకు తిరిగొస్తుంది. రాయకపోతే వాళ్ళకి తెలిసే దారి లేదు.

ఇంకో సందేహం, అంత సేవ అందరికీ సుఖాన్నివ్వదు. పెట్టె మోయడానికి ఒకరు, తలుపు తీయడానికి ఒకరు, ప్రతిచోటా పలకరింపు ఉంటే కొందరు ఒదిగి ఒదిగి ఉంటారు. అలాంటివాళ్ళు తమలో ఏదో లోపం ఉందనుకోనక్కర్లేదు. వాళ్ళకి ఆ సమయం అక్కర్లేదు, కాబట్టి దానికి డబ్బు ఇవ్వనూ అక్కర్లేదు.

ఆలోచించకుండా ఇవ్వాల్సిన సందర్భాలు

నడవలేని పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు, చంటిబిడ్డ ఉన్నప్పుడు, ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్న మనిషి వెంట ఉన్నప్పుడు, సుదూర విమానం దిగి తెల్లవారుజామున నాలుగింటికి చేరుతున్నప్పుడు, తెలియని నగరంలో ఆడమనిషి ఒంటరిగా ఉన్నప్పుడు గంటల లెక్క పక్కన పెట్టండి. ఇవన్నీ రాత్రి ఏ క్షణాన్నైనా ఇంకో మనిషి అవసరం పడే సందర్భాలు. రిసెప్షన్‌లో గది నంబర్ పైకి చదవకుండా, తాళం కార్డు కవరు మీద రాసి చూపించే అలవాటు బాగా శిక్షణ ఇచ్చిన హోటళ్ళలోనే ఉంటుంది, పక్కన నిలబడ్డవాళ్ళకి ఆ నంబర్ వినపడకూడదు కాబట్టి.

అయినా పేరు చూసి నమ్మేయకండి, పరీక్ష పెట్టే వీలుంది. బుక్ చేయడానికి ముందు ఒక రాత్రి, ఆ ఊరి టైమ్ ప్రకారం పదకొండు దాటాక, హోటల్‌కి ఫోన్ చేయండి. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఉన్న గది ఏదైనా ఉందా, షవర్ దగ్గర గట్టు ఎంత ఎత్తు, స్నానానికి స్టూల్ దొరుకుతుందా అని అడగండి. "పొద్దున ఫోన్ చేయండి, డే షిఫ్ట్ వాళ్ళకి తెలుస్తుంది" అంటే ఒక రకం. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి, ఒకరిని పైకి పంపి కొలిపించి చెప్తాను" అంటే, ఆ మనిషి పేరు రాసుకుని అక్కడే బుక్ చేయండి.